కళ్లజోడుకీ కంటికీ మధ్య 12 మిల్లీమీటర్లు

పదిహేడేళ్ల కిందట మొదటిసారి కాంటాక్ట్ లెన్స్ కొన్నప్పుడు నేను చేసింది చాలామంది చేసేదే. కళ్లజోడు చీటీ జేబులో పెట్టుకుని షాపుకి వెళ్లాను. చీటీలో రెండు కళ్లకీ మైనస్ 6 అని ఉంది. కౌంటర్ దగ్గరి కుర్రాడు అదే నంబరు డబ్బా తీసి ఇచ్చాడు. ఇంట్లో అద్దం ముందు ముప్పావుగంట కుస్తీ పట్టి ఎలాగో పెట్టుకున్నాను. దూరంగా వస్తున్న బస్సు బోర్డు చక్కగా చదవగలిగాను గానీ, సాయంత్రానికి కణతలు లాగేశాయి. మర్నాడూ అంతే. నాకు లెన్స్ పడదని తేల్చుకుని డబ్బా అటక మీద పడేశాను. ఆరు నెలల తర్వాత వేరే పని మీద కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, అక్కడి ఆప్టోమెట్రిస్ట్ ఆ చీటీ చూసి నవ్వింది. "ఇది కళ్లజోడు పవరండీ. లెన్స్ పవర్ వేరే ఉంటుంది, మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. కన్ను అదే, చూపు అదే అయినప్పుడు నంబరు ఎందుకు మారాలని నాకూ తట్టలేదు.

కళ్లజోడు అద్దం కంటికి ఆనుకుని ఉండదు. ముక్కు దూలం మీద కూర్చుని, కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల ముందు నిలబడుతుంది. కాంటాక్ట్ లెన్స్ నేరుగా కంటి మీదే కూర్చుంటుంది. చిటికెన వేలి గోరంత ఆ ఖాళీ పోవడంతోనే పవర్ మారుతుంది, వస్తువుల సైజు మారుతుంది, దగ్గరి చూపు మారుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఇన్నాళ్లూ బయట ఉన్న వస్తువు ఒంటిని తాకుతుంది. ఆ తర్వాత అది ఆప్టిక్స్ లెక్క ఒక్కటే కాదు, కంటి ఆరోగ్యం లెక్క కూడా.

ముందు నంబరు సంగతి. మైనస్ సైట్ ఉన్న ప్రతి కంటికీ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల ఉన్నది కళ్లజోడు లేకుండానే స్పష్టంగా కనిపిస్తుంది, దాటితే మసక. ఎక్కడో ఉన్న బస్సు బొమ్మను లాక్కొచ్చి ఆ హద్దు దగ్గర నిలబెట్టడమే అద్దం చేసే పని. మైనస్ 6 అద్దం బొమ్మను తనకు 167 మిల్లీమీటర్ల ముందు నిలబెడుతుంది. వెయ్యిని 6తో భాగిస్తే వచ్చే లెక్క అది. అద్దమే కంటికి 12 మిల్లీమీటర్ల ముందుంది కాబట్టి, కంటి నుంచి కొలిస్తే ఆ హద్దు 179 మిల్లీమీటర్లు. ఇప్పుడు అద్దాన్ని కంటి మీదికే దించామనుకోండి. బొమ్మను 179 దగ్గర నిలబెట్టే పవర్ కావాలి. వెయ్యిని 179తో భాగిస్తే సుమారు 5.6. అంటే నాకు కావలసింది ఐదున్నరో, ఐదు ముప్పావో. నేను పెట్టుకున్నది ఆరు. ఎక్కువైన ఆ కాస్త పవర్‌ని సర్దుకోవడానికి కంటి లోపలి కండరం పొద్దస్తమానం బిగుసుకుని పనిచేసింది. కణతల నొప్పి అందుకే వచ్చింది.

పవర్ తక్కువున్నవాళ్లకి ఈ గొడవ లేదు. మైనస్ 2కి ఇదే లెక్క వేస్తే 1.95 వస్తుంది, లెన్స్‌లు పావు చొప్పున పెరిగే నంబర్లలో దొరుకుతాయి కాబట్టి రెండే పెడతారు. నాలుగు దగ్గర తేడా మొదలవుతుంది, అక్కడ మూడు ముప్పావు సరిపోతుంది. కళ్లజోడు ఎనిమిదైతే లెన్స్ ఏడుంబావు దగ్గర, పదైతే తొమ్మిది దగ్గర తేలుతుంది. ప్లస్ పవర్ వాళ్లకి లెక్క తిరగబడుతుంది. కళ్లజోడు ప్లస్ 6 అయితే లెన్స్ ఆరున్నర కావాలి.

సైజు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. మైనస్ అద్దం వస్తువుల్ని చిన్నవి చేసి చూపిస్తుంది. ఏళ్ల తరబడి అలాగే చూస్తాం కాబట్టి అదే అసలు సైజు అనుకుంటాం. మైనస్ 6 కళ్లజోడులోంచి లోకం దాదాపు 7 శాతం చిన్నదిగా కనిపిస్తుంది. లెక్కకి ఆరడుగుల మనిషి అయిదడుగుల ఏడంగుళాల వాడైపోతాడన్నమాట. లెన్స్ పెట్టుకోగానే ఆ కోత పోతుంది. మొదటివారం నాకు నా చేతులే ఎవరివో పెద్ద చేతుల్లా కనిపించాయి. మెట్లు దిగుతుంటే కాలు ఎక్కడ పడుతుందో తెలియక గోడ పట్టుకున్నాను. నాలుగైదు రోజుల్లో మెదడు సర్దుకుంది. ఆ నాలుగైదు రోజులూ బండి నడపకపోతే మంచిది.

ఒక కంటికి మైనస్ 1, రెండో కంటికి మైనస్ 6 ఉన్నవాళ్లున్నారు. కళ్లజోడు పెట్టుకుంటే ఒక కంటి బొమ్మ పెద్దది, ఇంకో కంటి బొమ్మ చిన్నది. రెండిటినీ కలిపి ఒకటి చేసుకోలేక మెదడు తంటాలు పడుతుంది. చాలామంది తల తిరుగుతోందని కళ్లజోడే తీసి పక్కన పెట్టేస్తారు. వీళ్లకి లెన్స్ సోకు కాదు, అవసరం. పుట్టుకతో శుక్లం వచ్చి ఆపరేషన్ చేయించుకున్న పసిపిల్లలకి కూడా, కంటి లోపల లెన్స్ అమర్చే వయసు రాకముందు, కాంటాక్ట్ లెన్స్ పెట్టి చూపు నిలబెడతారు.

ఇక నలభై దాటినవాళ్లు తప్పక తెలుసుకోవలసిన చిక్కు ఒకటుంది. షాపుల్లో దీన్ని ఎవరూ ఎత్తరు. పెద్దవాళ్లు చత్వారం అంటారే, ఆ దగ్గరి చూపు మందగించడం, మైనస్ సైట్ ఉన్నవాళ్లకి కళ్లజోడుతో ఉన్నన్నాళ్లూ ఆలస్యంగా తెలుస్తుంది. కారణం మళ్లీ ఆ 12 మిల్లీమీటర్లే. 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకం చదవాలంటే మామూలు కన్ను రెండున్నర పవర్ మేరకు లోపలి కండరాన్ని బిగించాలి. మైనస్ 6 కళ్లజోడు వెనక ఉన్న కంటికి సుమారు 2.2 చాలు. అద్దం ముందుకు ఉండటం వల్ల దొరికే తగ్గింపు అది. దానికితోడు మైనస్ అద్దాల లోపలి అంచులు, రెండు కళ్లనూ ముక్కు వైపు తిప్పే శ్రమను కూడా కొంత తగ్గిస్తాయి. లెన్స్‌కి మారగానే ఈ రెండు రాయితీలూ రద్దు. నిన్నటిదాకా ఫోన్లో మెసేజ్‌లు హాయిగా చదివిన మనిషి, లెన్స్ పెట్టుకున్న రోజు నుంచి ఫోన్‌ను చేయి చాచి పట్టుకోవడం మొదలుపెడతాడు. కళ్లు పాడయ్యాయని భయపడతాడు. పాడవలేదు, దాగి ఉన్న చత్వారం బయటపడింది, అంతే.

కళ్లజోడు వాళ్లకి ఇంకో వెసులుబాటు ఉంది. మా తాతయ్య పేపరు చదివేటప్పుడు జోడు నుదుటి మీదికి నెట్టి, కాగితం ముఖానికి దగ్గరగా పట్టుకుని చదివేవాడు. ఆయన మైనస్ కన్ను ఆ దూరంలో ఏ అద్దమూ లేకుండానే చూడగలదు. లెన్స్‌ని అలా నుదుటి మీదికి నెట్టలేం కదా! అందుకని చత్వారం వయసులో లెన్స్ కావాలంటే మూడు దారులున్నాయి. దూరానికీ దగ్గరికీ కలిపి చేసిన మల్టీఫోకల్ లెన్స్ ఒకటి. ఒక కంటికి దూరపు పవర్, ఇంకో కంటికి దగ్గరి పవర్ పెట్టడం రెండోది. అది కొందరికి ఇట్టే అలవాటవుతుంది, కొందరికి ఎన్నాళ్లయినా కాదు. లెన్స్ మీద చదువుకునే కళ్లజోడు పెట్టుకోవడం మూడోది. కళ్లజోడు వదిలించుకోవడానికి లెన్స్ కొని, లెన్స్ మీద మళ్లీ కళ్లజోడు పెట్టుకోవడం కాస్త నవ్వులాటగానే ఉంటుంది గానీ, నా వయసువాళ్లలో ఎక్కువమంది చేసేది అదే. నేనూ అంతే.

లెన్స్ చీటీలో పవర్ కాకుండా ఇంకో రెండు నంబర్లుంటాయి. బేస్ కర్వ్ 8.4 అనో 8.6 అనో, డయామీటర్ 14.0 అనో 14.2 అనో రాసి ఉంటుంది. మొదటిది లెన్స్ గిన్నె ఎంత వంపు తిరిగి ఉందో చెబుతుంది, రెండోది దాని వెడల్పు. రెండూ మిల్లీమీటర్లలోనే. నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. దాని అడ్డుకొలత 12 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. సాఫ్ట్ లెన్స్ అంతకంటే వెడల్పు కాబట్టి దాని అంచు తెల్లగుడ్డు మీద పడుతుంది. కంట్లో నలుసు పడితేనే తట్టుకోలేని మనం, ఇంత పెద్ద పొరను రోజంతా మోస్తూ మర్చిపోగలగడానికి కారణం ఇదే. రెప్ప వేసిన ప్రతిసారీ తగిలే అంచు, స్పర్శ బాగా ఎక్కువుండే కార్నియా మీద లేదు. గట్టి లెన్స్‌లు తొమ్మిది పది మిల్లీమీటర్లే ఉండి కార్నియా మీదే కదులుతాయి. వాటికి అలవాటు పడటానికి వారాలు పట్టేది అందుకే.

వంపు సరిపోకపోతే లెన్స్ మరీ బిగుసుకుంటుంది, లేదా మరీ జారుతుంది. బిగుసుకున్న లెన్స్‌తో ఒక తిరకాసుంది, మొదట్లో అదే హాయిగా అనిపిస్తుంది. కదలదు కాబట్టి తెలియదు. కానీ దాని కింద కన్నీరు మారదు, చెత్త అక్కడే ఉండిపోతుంది. అందుకే లెన్స్ పెట్టి ఓ పావుగంట కూర్చోబెట్టి, స్లిట్ ల్యాంప్ అనే సూక్ష్మదర్శిని కింద రెప్ప వేయమని చెప్పి, లెన్స్ ఎంత కదులుతుందో చూస్తారు. పైరెప్ప తిరగేసి లోపల గుల్లలున్నాయేమో చూస్తారు. పసుపు రంగు మందు చుక్క వేసి నీలి వెలుతురులో కార్నియా మీద గీతలు వెతుకుతారు. ఈ పరీక్షలన్నీ ఆన్‌లైన్ ఆర్డర్‌లో ఉండవు. డబ్బా ఎక్కడ కొన్నా సరే, మొదటి ఫిటింగ్ మాత్రం మనిషి చూసి చేయాలి.

సిలిండర్ పవర్ ఉన్నవాళ్ల సంగతి ఇంకాస్త వేరు. సిలిండర్ అంటే కన్ను క్రికెట్ బంతిలా అన్ని వైపులా ఒకేలా కాకుండా, గుడ్డులా ఒకవైపు ఎక్కువ వంగి ఉండటం. కళ్లజోడులో అద్దాన్ని సరైన కోణంలో బిగిస్తే అది తిరగదు. కంటి మీద లెన్స్ తిరుగుతుంది. అందుకని సిలిండర్ కోసం చేసే టోరిక్ లెన్స్‌లకి అడుగున మందం ఎక్కువ పెట్టో, రెప్పల ఒత్తిడికి నిలిచేలా చెక్కో, ఆ కోణం తప్పకుండా చూస్తారు. పది డిగ్రీలు తిరిగినా సిలిండర్ వల్ల వచ్చే లాభంలో మూడోవంతు పోతుంది. పక్కకి తిరిగి పడుకుని టీవీ చూసినప్పుడు కాసేపు మసకగా అనిపిస్తే కారణం ఇదే కావచ్చు. సిలిండర్ ముప్పావు దాటిందంటే మామూలు లెన్స్‌తో సర్దుకోమనేవాళ్ల మాట వినకండి.

కార్నియా శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉన్నవాళ్లకైతే కళ్లజోడు ఒక స్థాయి తర్వాత అసలు పనిచేయదు. ఎత్తుపల్లాలు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి ఏ అద్దమూ వాటిని సరిచేయలేదు. అక్కడ గట్టి లెన్సో, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లీరల్ లెన్సో పెడతారు. గుంతల రోడ్డు మీద వాన నీళ్లు నిలిస్తే పైభాగం చదునుగా కనబడుతుంది చూడండి, అలా లెన్స్‌కీ కార్నియాకీ మధ్య నిలిచిన నీరు ఎత్తుపల్లాల్ని పూడ్చేస్తుంది. రోడ్డు మీద అది మోసం, కంట్లో అదే చూపు.

ఇంతవరకూ అద్దం లెక్కలు. ఇక కంటిని తాకే వస్తువు సంగతి.

ఒంట్లో దాదాపు ప్రతి భాగానికీ ఆక్సిజన్‌ని రక్తమే మోసుకెళ్తుంది. కార్నియాలో రక్తనాళాలు లేవు. ఉంటే వెలుతురుకి అడ్డం. అర మిల్లీమీటరు మందమున్న ఆ పొర కన్నీటి మీదుగా నేరుగా గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. దానిమీద లెన్స్ పెట్టడం ముక్కు మీద గుడ్డ కప్పినట్టే. ఏ గుడ్డ అన్నదే ప్రశ్న. లెన్స్‌ల చరిత్ర చాలావరకు ఈ గుడ్డను పలచన చేయడానికి పడిన పాట్లే. 1888లో జ్యూరిక్‌లో అడాల్ఫ్ ఫిక్ గాజుతో చేసిన లెన్స్ తెల్లగుడ్డును కూడా కప్పేసేది, కొద్ది గంటలకంటే ఉంచుకోలేకపోయేవారు. 1948లో అమెరికాలో కెవిన్ టూహీ కార్నియా మేరకే ఉండే చిన్న ప్లాస్టిక్ లెన్స్ చేశాడు. ఆ ప్లాస్టిక్ ఆక్సిజన్‌ని బొత్తిగా పోనివ్వదు. లెన్స్ చిన్నదై కదులుతుంది కాబట్టి అంచుల కిందనుంచి కన్నీరు అటూ ఇటూ మారుతూ కంటిని కాపాడేది.

సాఫ్ట్ లెన్స్ పుట్టింది మాత్రం వంటింటి బల్ల మీద. చెకోస్లొవేకియా రసాయన శాస్త్రవేత్త ఓటో విచ్టర్లే నీటిని పీల్చుకుని మెత్తబడే ఒక పదార్థాన్ని తన బృందంతో కలిసి తయారుచేశాడు. దాని పొట్టిపేరు హెమా, వినడానికి మన పక్కింటి అమ్మాయి పేరులా ఉంటుంది. దానితో లెన్స్ చేసే పనిని ప్రభుత్వం ఆపేయమంది. 1961 క్రిస్మస్ రోజుల్లో ఆయన ప్రాగ్‌లోని తన ఇంట్లో, కొడుకు ఆడుకునే మెర్కూర్ ఇనపముక్కల సెట్టు, సైకిల్ డైనమో కలిపి ఒక గిరగిర తిరిగే యంత్రం చేసి, అందులో ద్రవం పోసి లెన్స్‌లు తీశాడు. ఆ పద్ధతి అమెరికా చేరింది, 1971లో బాష్ అండ్ లాంబ్ కంపెనీ సాఫ్ట్ లెన్స్‌కి అక్కడి ప్రభుత్వ అనుమతి వచ్చింది.

హెమా మెత్తనిదే, కానీ ఆక్సిజన్ విషయంలో పిసినారి. ఆక్సిజన్ దానిలోని నీటిలోంచే దాటాలి. ఏళ్ల తరబడి పొద్దున్నుంచి రాత్రిదాకా పెట్టుకున్నవాళ్లకి నల్లగుడ్డు చుట్టూ ఎర్ర జీర వచ్చేది, ఊపిరాడని కార్నియాలోకి రక్తనాళాలు పాకేవి. ఎంత ఆక్సిజన్ దాటితే చాలో 1984లో కొలిచి చెప్పింది ఆస్ట్రేలియాకి చెందిన బ్రియన్ హోల్డెన్, ఆయనతో కలిసి పనిచేసిన జార్జ్ మెర్ట్జ్. మేలుకుని ఉన్నప్పటికి 24, పెట్టుకుని నిద్రపోయేవాళ్లకి 87 అన్న వాళ్ల నంబర్లు ఈ రంగంలో చాలాకాలం గీటురాళ్లుగా నిలిచాయి. ఆ హోల్డెన్ పేరు హైదరాబాద్ వాళ్లు విని ఉంటారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో ఆప్టోమెట్రీ కళాశాలకీ, పరిశోధనా కేంద్రానికీ ఇప్పుడున్నది ఆయన పేరే. 1999 ప్రాంతంలో సిలికోన్ హైడ్రోజెల్ లెన్స్‌లు వచ్చాయి. వీటిలో ఆక్సిజన్ సిలికోన్ గుండా దాటుతుంది, వందకు పైబడిన నంబర్లు మామూలైపోయాయి.

ఆక్సిజన్ సమస్య తీరింది కాబట్టి ఇన్‌ఫెక్షన్లూ తగ్గుతాయని అందరూ ఆశించారు. అక్కడ లెక్క తప్పింది. 1989లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో, సాఫ్ట్ లెన్స్ రోజూ రాత్రి తీసేసేవాళ్లలో ఏడాదికి పదివేలమందిలో నలుగురికి కార్నియా పుండు వచ్చింది. పెట్టుకునే నిద్రపోయేవాళ్లలో దాదాపు 21 మందికి వచ్చింది. కొత్త లెన్స్‌లు వచ్చాక 2008లో ఆస్ట్రేలియాలో మళ్లీ లెక్కపెడితే, పాత రకంతో నిద్రపోయేవాళ్లలో 19.5, ఆక్సిజన్ దండిగా దాటే కొత్త రకంతో నిద్రపోయేవాళ్లలో 25.4. ఇరవై ఏళ్ల పరిశోధన తర్వాత కూడా నిద్ర దగ్గరి నంబరు అక్కడక్కడే ఉంది. నన్నడిగితే, లెన్స్ వాడేవాళ్లు కంఠతా పట్టాల్సిన నంబర్లు ఇవే. డబ్బా మీద 'రాత్రీ పగలూ వాడొచ్చు' అని రాసి ఉంటే అది ఆక్సిజన్ సంగతి. సూక్ష్మజీవులు డబ్బా చదవవు.

ఎందుకలా? మెలకువగా ఉన్నప్పుడు రెప్పలు నిమిషానికి పది పదిహేనుసార్లు కంటిని తుడుస్తుంటాయి. కన్నీటిలో క్రిముల్ని చంపే పదార్థాలుంటాయి. రెప్ప మూస్తే ఆ కడిగే పని ఆగిపోతుంది. లెన్స్ కింద చిక్కుకున్నవి అక్కడే, వెచ్చగా, రాత్రంతా ఉంటాయి. లెన్స్ రాపిడికి కార్నియా పైపొర ఎక్కడైనా కాస్త చెదిరిందా, లోపలికి దారి దొరికినట్టే. సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా అయితే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేయగలదు. మన పల్లెల్లో కంటి పుండ్లు ఎక్కువగా వరికంకో, గడ్డిపోచో గీసుకుని వస్తాయి. లెన్స్ వాడేవాడు ఆ గీతని తన వేలితో తానే పెట్టుకోగలడు.

రెండో శత్రువు నీళ్లు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు, ఆఖరికి మినరల్ వాటర్ కూడా లెన్స్‌కి తగలకూడదు. తాగడానికి పనికొచ్చే నీళ్లలోనూ అకాంతమీబా అనే జీవి ఉండవచ్చు. దానివల్ల కార్నియా ఇన్‌ఫెక్షన్ అరుదే గానీ, వస్తే నెలల తరబడి మందులు వేయాలి, నొప్పి భరించలేనట్టుగా ఉంటుంది. ఉప్పదనం లేని నీళ్లు తగిలితే లెన్స్ ఉబ్బి కంటికి అతుక్కుంటుంది కూడా. కాబట్టి లెన్స్‌తో తలస్నానం వద్దు, ఈత వద్దు. పుష్కర స్నానానికో, కోనేట్లో మునగడానికో వెళ్తే ముందు తీసేయాలి. హోలీ రోజు పెట్టుకోవద్దని వేరే చెప్పక్కర్లేదు.

మూడోది డబ్బా. లెన్స్ పెట్టుకునే చిన్న రెండు మూతల డబ్బాలో నిన్నటి సొల్యూషన్ (లెన్స్‌ని శుభ్రం చేసే ద్రవం) మీద ఇవాళ కాస్త పోసి సరిపెట్టేవాళ్లని చూశాను. పాత పెరుగులో పాలు పోస్తే ఏమవుతుందో మనకి తెలుసు, దాన్నే తోడు పెట్టడం అంటాం. పాతది పూర్తిగా పారబోసి, కొత్తది పోయాలి. అరచేతిలో లెన్స్ పెట్టి సొల్యూషన్ వేసి వేలితో రుద్దాలి, సీసా మీద 'రుద్దక్కర్లేదు' అని ఉన్నా సరే. పొద్దున డబ్బాను సొల్యూషన్‌తోనే కడిగి, మూతలు తీసి బోర్లించి ఆరబెట్టాలి. మూడు నెలలకోసారి డబ్బానే మార్చేయాలి. సెలైన్, సొల్యూషన్ ఒకటే అనుకోవద్దు. సెలైన్ కడుగుతుంది, క్రిముల్ని చంపదు. ఆ మాటకొస్తే సొల్యూషన్‌ని కూడా పూర్తిగా నమ్మేయలేం. 2006లో బాష్ అండ్ లాంబ్ వాళ్ల రెన్యూ మాయిశ్చర్‌లాక్ అనే సొల్యూషన్‌కీ ఫ్యుజేరియం ఫంగస్ ఇన్‌ఫెక్షన్లకీ సంబంధం బయటపడి, దాన్ని ప్రపంచమంతా మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

చేతులు సబ్బుతో కడిగి పొడిగా తుడుచుకోవాలని అన్నిచోట్లా రాస్తారు. అది మనకి సరిపోదు. మధ్యాహ్నం ఆవకాయ కలుపుకు తిన్న వేళ్లని సబ్బుతో రెండుసార్లు కడిగినా రాత్రి లెన్స్ తీసేటప్పుడు తెలుస్తుంది. కారం నీళ్లలో కరగదు. ముందు కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో కడిగితే వదులుతుంది. లేదా ఆ పూట చెంచాతో తినాలి, నాకైతే మొదటిదే నయం.

ఇక పొడిబారడం. లెన్స్ మానేసినవాళ్లని ఎందుకు మానేశారంటే ఎక్కువమంది చెప్పే కారణం ఇదే. కన్నీటి పొర మధ్యలో లెన్స్ కూర్చుని దాన్ని రెండుగా చీలుస్తుంది, పై పొర పలచనై తొందరగా ఆరిపోతుంది. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటే రెప్ప వేయడం సగానికి పైగా తగ్గిపోతుంది, సాయంత్రం నాలుగింటికి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. పొడికళ్లవాళ్లకి నీటిశాతం ఎక్కువున్న లెన్స్ ఇవ్వమని అడుగుతుంటారు. చాలాసార్లు అది ఎదురు తిరుగుతుంది, ఆ నీరు ఆరిపోయినప్పుడల్లా లెన్స్ దాన్ని కంటి నుంచే లాక్కుంటుంది. లెన్స్ మీద వేయదగ్గ చుక్కలు వేరే ఉంటాయి, అవే వాడాలి. రోజ్ వాటర్, తేనె జోలికి పోవద్దు.

భయాల్లో చాలావరకు ఉత్తవి. లెన్స్ కంటి వెనక్కి వెళ్లిపోదు. తెల్లగుడ్డు మీది పొర మడత తిరిగి రెప్ప లోపలికి అతుక్కుని ఉంటుంది, అటు దారే లేదు. మహా అయితే పైరెప్ప కింద దాక్కుంటుంది. పొయ్యి దగ్గర నిలబడితే కరిగిపోదు. ఉల్లిపాయలు తరిగేటప్పుడు కళ్లు తక్కువ మండుతాయి కూడా. మామూలు లెన్స్ వల్ల సైట్ పెరగదు, తగ్గదు. భయపడాల్సిన దానికి మాత్రం ఎవరూ భయపడరు. పెళ్లిళ్లకి మేకప్‌తోపాటు పెట్టే రంగు లెన్స్‌లు, పవర్ సున్నా అయినా, అవే ప్రమాదాలు తెస్తాయి. ఒకరి తర్వాత ఒకరికి అదే జత పెట్టడం నేను చూశాను. పెళ్లికూతురైనా సరే, లెన్స్ ముందు పెట్టుకుని తర్వాత కాటుక, తీసేటప్పుడు లెన్స్ ముందు తీసి తర్వాత మేకప్ తుడుచుకోవాలి.

ఏ రకం కొనాలంటే, వారానికి రెండు మూడు రోజులే పెట్టుకునేవాళ్లకి ఒకరోజు వాడి పారేసేవే మేలని నా అభిప్రాయం. రోజూ పెట్టుకుంటే ఏడాదికి 730 లెన్స్‌లు, ఖర్చు మీరే లెక్కేసుకోండి. కానీ డబ్బా లేదు, సొల్యూషన్ లేదు, తోడు పెట్టే అవకాశమే లేదు. నెల లెన్స్ కొనేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఒకటే. నెల అంటే ముప్పైసార్లు కాదు, మూత తీసిన రోజు నుంచి ముప్పై రోజులు. పదిసార్లే వాడాను కదా అని మూడో నెలలోకి లాగకూడదు. కళ్లు ఎప్పుడూ దురదపెట్టి నలుపుకునేవాళ్లు, దుమ్ములో సిమెంటులో పనిచేసేవాళ్లు, చేతులు కడుక్కోవడానికి బద్ధకించేవాళ్లు కళ్లజోడుతోనే ఉండటం మంచిది.

మొదట రోజుకి నాలుగు గంటలతో మొదలుపెట్టి, రెండేసి గంటలు పెంచుకుంటూ పోతే రెండు వారాల్లో పనిరోజంతా పెట్టుకోగలుగుతారు. పెట్టుకునే ముందు వేలి మీద లెన్స్‌ని పక్కనుంచి చూడండి. ప్రమిదలా అంచులు పైకి ఉంటే సరే, పళ్లెంలా బయటికి పరుచుకుంటే తిరగబడిందని. ఎప్పుడూ కుడికన్నుతోనే మొదలుపెట్టండి, రెండు కళ్ల నంబర్లూ వేరైతే తారుమారు కాదు.

కన్ను ఎర్రబడినా, నొప్పి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా మొదట చేయవలసింది లెన్స్ తీసేయడం. తీసి పారేయకుండా అదే డబ్బాలో పెట్టి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి, ఏ క్రిమి పట్టిందో దాన్నిబట్టి పరీక్ష చేయగలుగుతారు. కళ్లకలకేమోలే అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు అడగొద్దు. అక్కడ ఇచ్చే కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు ఒక పూటలో తగ్గిపోతుంది, లోపల ఫంగస్ ఉంటే మాత్రం దానికి ఎదురుండదు.

పుండు మానేదాకా వారమో, నెలో, ముక్కు మీదికి మళ్లీ కళ్లజోడే వస్తుంది. మా బాబాయి కొడుకు అలాంటి వారంలో డ్రాయర్ వెతికి, నాలుగేళ్ల కిందటి జోడు తీసి పెట్టుకుని ఆఫీసుకి బండి మీద బయల్దేరాడు. వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ కనబడలేదు. మోకాలికి కుట్లు పడ్డాక, పక్కనే ఉన్న షాపులో కొత్త నంబరుతో కళ్లజోడు చేయించుకున్నాడు. దాని మీద ఎంత పవర్ రాశారో నాకు ఫోన్ చేసి చెప్పి, "మరి లెన్స్‌కి ఎంత తగ్గించాలి అన్నయ్యా?" అని అడిగాడు.